మూలన పడ్డ టీవీ బాక్సులో లైనక్స్

తెలుగు చానళ్ల కోసం కొన్న పాత ఆండ్రాయిడ్ బాక్సులు ఇక్కడ జెద్దాలో చాలా ఇళ్లలో మూలన పడి ఉంటాయి. మాదీ పారేయబోతుంటే, "అమ్మా, దీంట్లో లైనక్స్ వేస్తే నాకు కోడింగ్ నేర్చుకోడానికి పనికొస్తుంది కదా" అన్నాడు మా అబ్బాయి. ఇంకో కంప్యూటర్ కొనే పని తప్పుతుందని నేనూ కూర్చున్నాను.

పీసీలో ఏయే భాగాలున్నాయో బయోస్ లైనక్స్‌కి చెబుతుంది. ఇలాంటి ఏఆర్‌ఎం బోర్డుల్లో ఆ పని "డివైస్ ట్రీ" అనే చిన్న ఫైలుది. మా బాక్సు మీద తయారీదారు పేరే లేదు, మరి ఆ ఫైలు ఎవరిస్తారు? సీపీయూ వివరాలు చూపే యాప్ వేస్తే, చిప్ ఆమ్‌లాజిక్ ఎస్905ఎక్స్ అనీ, బోర్డు పీ212 అనీ తేలింది. పీ212 అంటే చిప్ కంపెనీ ఇచ్చే నమూనా బోర్డు. చౌక బాక్సులు చాలావరకు దానికి నకళ్లే. దాని డివైస్ ట్రీ లైనక్స్‌లోనే ఉంది.

ఆర్మ్‌బియన్‌ని ఎస్‌డీ కార్డులోకి ఎక్కించి, సెట్టింగ్ ఫైలులో ఆ పేరు రాశాం. ఏవీ జాక్ లోపల దాగిన బటన్‌ని టూత్‌పిక్‌తో నొక్కిపట్టి పవర్ ఇచ్చాం. టీవీలో ఏమీ రాలేదు!

మూత తీసి, యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ కలిపాం. గ్రౌండ్‌కి గ్రౌండ్, టీఎక్స్‌కి ఆర్‌ఎక్స్, వేగం 115200. అడాప్టర్ 3.3 వోల్టుల్లోనే ఉండాలి, 5 పెడితే చిప్ పోవచ్చు. అడాప్టర్ నుంచి పవర్ తీగ కలపకూడదు. డివైస్ ట్రీ దొరకలేదని తెర మీద కనిపించింది. చూస్తే, ఫైలు పేరులో నేనే ఒక అక్షరం తప్పు కొట్టాను. దిద్దగానే లాగిన్ వచ్చింది.

వైఫై మాత్రం రాలేదు. కేబుల్‌తో నడుపుతున్నాం. మీరూ ప్రయత్నిస్తే, అంతా కుదిరేదాకా కార్డు నుంచే నడపండి, లోపలి మెమరీ జోలికి పోకండి. కార్డు తీసేస్తే పాత ఆండ్రాయిడే వస్తుంది.