చేతి తొడుగుకు లొంగే తెర

ఫ్యాక్టరీలో యంత్రానికి టచ్‌స్క్రీన్ కొనేవాళ్లు చాలామంది మనసులో సెల్‌ఫోన్‌ను పెట్టుకునే కొంటారు. గాజు గట్టిదా, గీతలు పడతాయా, వేలు తగలగానే పలుకుతుందా అని చూస్తారు. నిజానికి ఈ తెర పుట్టింది ఫోన్ కోసం కాదు. 1965లో ఇంగ్లండ్‌లోని మాల్వర్న్‌లో ఇ.ఎ. జాన్సన్ దీన్ని విమానాల రాకపోకల నియంత్రణ కోసం ప్రతిపాదించాడు. 1970లలో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రం తన భారీ కణ త్వరణ యంత్రాన్ని ఇలాంటి తెరలతోనే నడిపింది. అయితే అవి శుభ్రమైన గదులు, తొడుగులు లేని వేళ్లు. చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ షెడ్డులో రాతి బురద ఉంటుంది, భీమవరం రొయ్యల ప్లాంటులో తడి గ్లవ్స్ ఉంటాయి. అలాంటి చోట మన్నిక అంటే గాజు పగలకపోవడం ఒక్కటే కాదు. ఆ చేయి నొక్కినప్పుడు పలకాలి, నొక్కనప్పుడు ఊరుకోవాలి.

ఈ లెక్కన, పాతబడిందని చాలామంది తీసిపారేసే రెసిస్టివ్ తెరకు ఇంకా విలువ ఉంది. గాజు మీద సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది, మధ్యలో కంటికి ఆనని చుక్కలు రెండింటినీ ఎడంగా ఉంచుతాయి. నొక్కితే పొర వంగి గాజు మీది విద్యుత్ పూతను తాకుతుంది. నొక్కింది వేలా, రబ్బరు తొడుగా, పెన్ను మూతా అన్నది దానికి పట్టదు. కాకపోతే ఇందులోనూ రకాలున్నాయి. నాలుగు తీగల రకంలో పై పొర కూడా కొలతలో పాలుపంచుకుంటుంది కనుక అది అరిగేకొద్దీ గురి తప్పుతుంది. అయిదు తీగల రకంలో కొలత మొత్తం గాజు మీదే జరుగుతుంది. మొదటిదానికి తయారీదారులు చెప్పే ఆయుష్షు ఒకే చోట 10 లక్షల నొక్కుల దగ్గర మొదలవుతుంది, రెండోదానికి 3.5 కోట్ల దాకా చెబుతారు. రోజుకు 3,000 సార్లు నొక్కే స్టార్ట్ బటన్ 10 లక్షలు దాటడానికి ఏడాది చాలు. ధరల పట్టికలో ఈ తేడా చాలాసార్లు కనిపించదు, అడిగి రాబట్టాలి.

ఫోన్ల తరహాలో పైన గాజే ఉండే ఇప్పటి కెపాసిటివ్ తెరలు గ్లవ్స్‌నూ తడినీ తట్టుకుంటాయి కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, మంచివి తట్టుకుంటాయి. పదునైన లోహపు రజను ఎగిరే లేత్ దగ్గర ప్లాస్టిక్ పొర చిరుగుతుంది, గాజు నిలుస్తుంది. మాటిమాటికీ తుడవాల్సిన మందుల ఫ్యాక్టరీలోనూ గాజే మేలు. కానీ ఈ తెర వేలి వల్ల విద్యుత్ క్షేత్రంలో వచ్చే చిన్న మార్పును పసిగడుతుంది. మందపాటి తొడుగు కోసం దాని సున్నితత్వం పెంచితే, ఉప్పునీటి బొట్టును కూడా వేలనుకునే ప్రమాదం పెరుగుతుంది. పక్కనున్న మోటార్ డ్రైవ్ నుంచి వచ్చే విద్యుత్ అలజడి, సరిగా లేని ఎర్తింగ్ దాన్ని ఇంకా తికమకపెడతాయి. అమ్మేవారి షోరూమ్‌లో చూసి సరిపెట్టుకోకూడదు. మీ గ్లవ్స్‌తో, మీ నీళ్లతో, మీ మోటార్ తిరుగుతుండగా పరీక్షించాలి.

ఐపీ65 ముద్ర ఉందిగా అన్న ధీమా కూడా సగమే నిజం. దుమ్ము చొరబడదని 6, నీటిధారను ఆపుతుందని 5 చెబుతాయి. అయితే ప్యానెల్‌లో బిగించే తెరలకు సాధారణంగా ఆ రక్షణ ముందువైపుకే, అదీ రబ్బరు గ్యాస్కెట్ సరిగ్గా కూర్చుంటేనే. వెనకవైపు తరచుగా ఐపీ20, అంటే నీటి నుంచి రక్షణే లేదు. వేడినీటితో ఒత్తిడిగా కడిగే చోట ఐపీ69K ముద్ర కావాలి. ఇక చుట్టూ ఉండే వేడి చూస్తే, చాలా తెరలకు 50 డిగ్రీలే హద్దు. మూసిన ప్యానెల్ లోపల, బాయిలర్ పక్కన, మే నెలలో అది పెద్ద అంకె కాదు. 50,000 గంటలకు వెలుగు సగానికి పడిపోయే బ్యాక్‌లైట్‌కు, రేయింబవళ్లు వెలిగితే ఆరేళ్లు కూడా నిండవు.

ఎంత మంచి తెర తెచ్చినా, ఆపే పని మాత్రం దాని మీద వదలకూడదు. ఎమర్జెన్సీ స్టాప్ విడిగా తీగలతో కలిపిన ఎర్ర బటన్‌గానే ఉండాలి. ఖర్చెందుకు, తెర మీదే ఇంకో గడి పెడితే పోదా అనేవారు అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ సంగతి చూడాలి. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర అది ట్యాంకర్‌తో ఢీకొని 10 మంది నావికులు చనిపోయారు. దర్యాప్తులో సిబ్బందికి శిక్షణ చాలలేదని తేలింది. చుక్కానినీ వేగాన్నీ అదుపు చేసే టచ్‌స్క్రీన్ల రూపకల్పన కూడా తప్పేనని తేలింది. తర్వాత ఆ నావికాదళం అలాంటి నౌకల్లో వేగాన్ని మార్చడానికి మళ్లీ చేత్తో తోసే లివర్లు పెట్టాలని నిర్ణయించింది.