శాసనసభకును హద్దు కలదు

ప్రభుత్వము క్రొత్త శాసనమును చేసినదని పత్రికలలో చదివినప్పుడు, అధికారమునం దున్నవారు తలంచినదెల్ల శాసన మగునని పలువు రనుకొందురు. ఇది సరికాదు. శాసనమును చేయుటకు ఒక క్రమము కలదు. ఆ క్రమమును తప్పక నడిచినను, శాసనసభ దాటరాని హద్దులు కొన్ని కలవు. ఈ రెండు సంగతులను పాఠశాలలకే సంబంధించిన యొక నిదర్శనముతో విద్యార్థులకు తెలుపగోరుచున్నాము. అది 1957వ సంవత్సరపు కేరళ విద్యాబిల్లు.

శాసనము మొదట బిల్లు అను పేరుతో చిత్తుప్రతిగా పుట్టును. దానిని మంత్రిగాని సామాన్య సభ్యుడుగాని శాసనసభలో ప్రవేశపెట్టును. ఇది మొదటి పఠనము. రెండవ పఠనమునందు బిల్లు ఉద్దేశమును చర్చింతురు. అవసరమైనచో కొందరు సభ్యుల సంఘమునకు పంపుదురు. పిమ్మట ఒక్కొక్క నిబంధనను పరిశీలించి సవరణలు చేయుదురు. మూడవ పఠనమునందు మొత్తము బిల్లుపై సభ్యుల సమ్మతిని తీసికొందురు. ఇట్లు నెగ్గిన బిల్లు గవర్నరుగారి యొద్దకు పోవును. ఆయన సమ్మతించినచో శాసన మగును. ద్రవ్యబిల్లు కానిచో పునరాలోచనకై సభకు త్రిప్పి పంపవచ్చును; లేక రాష్ట్రపతి పరిశీలనకై నిలిపి యుంచవచ్చును. ఒకరికి తోచని లోపము మరియొకరికి తోచును గనుక నిన్ని మెట్లు ఏర్పరుపబడినవి.

1957 ఏప్రిలులో కేరళమునందు ఇ. ఎం. ఎస్. నంబూద్రిపాదుగారి మంత్రివర్గ మేర్పడెను. విద్యామంత్రియగు జోసఫ్ ముండశ్శేరిగారు విద్యాబిల్లును తెచ్చిరి. ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు జీతములు సక్రమముగా ముట్టునట్లును, వారి ఉద్యోగములకు భద్రత యుండునట్లును చేయుట దాని ఆశయములలో నొకటి. ఇది మెచ్చదగిన ఆశయమే. కాని 14, 15 నిబంధనలు, కొన్ని సందర్భములలో ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలల యాజమాన్యమును ప్రభుత్వమే స్వాధీనము చేసికొనుటకు అధికార మిచ్చినవి. తమ పాఠశాలలు తమ చేతులనుండి పోవునేమో యని యాజమాన్యములు భయపడినవి. శాసనసభ 1957 సెప్టెంబరు 2వ తేదీన బిల్లును ఆమోదించెను.

అప్పుడు కేరళ గవర్నరుగా నున్నవారు మన తెలుగువారే. పూర్వము హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన బూర్గుల రామకృష్ణారావుగారు. వారు బిల్లును రాష్ట్రపతి పరిశీలనకై నిలిపిరి. రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు రాజ్యాంగము 143వ అధికరణము ననుసరించి సుప్రీముకోర్టు అభిప్రాయము నడిగిరి.

ఇట్టి సందర్భములలో ముఖ్యముగా రెండు ప్రశ్నలు పుట్టును. ఆ విషయముపై శాసనము చేయు అధికారము ఆ సభకు కలదా? అనునది మొదటిది. రాజ్యాంగము విషయములను కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలని మూడుగా పంచినది. విద్య 1976 నాటి 42వ సవరణచేత ఉమ్మడి జాబితాకు మార్చబడినది గాని, 1957లో కొన్ని మినహాయింపులతో రాష్ట్ర జాబితాయందే యుండెను. కావున ఈ హద్దును కేరళసభ దాటలేదు. ఆ శాసనము ప్రాథమిక హక్కులను భంగపరుచుచున్నదా? అనునది రెండవది. అట్లు భంగపరుచు శాసనము, ఎంతవరకు భంగపరుచునో అంతవరకు చెల్లదని 13వ అధికరణము చెప్పుచున్నది. మతమునుబట్టిగాని భాషనుబట్టిగాని అల్పసంఖ్యాకులైనవారు తమ కిష్టమైన విద్యాలయములను స్థాపించి పరిపాలించుకొను హక్కును 30వ అధికరణ మిచ్చుచున్నది.

సుప్రీముకోర్టు 1958 మే 22వ తేదీన తన అభిప్రాయమును తెలిపెను. 14, 15 నిబంధనలను సహాయము పొందు అల్పసంఖ్యాకుల పాఠశాలలకు వర్తింపజేయుట ఆ హక్కునకు భంగమని చెప్పెను. అయినను పరిపాలించు హక్కులో చెడుగా పరిపాలించు హక్కు చేరియుండదనియు, ప్రభుత్వము ధనసహాయము చేయునప్పుడు విద్యాప్రమాణములు చెడకుండ తగిన నియమములను విధింపవచ్చుననియు స్పష్టపరచెను. పిమ్మట బిల్లు సభకు తిరిగి వచ్చి, సవరింపబడి, 1959లో రాష్ట్రపతి సమ్మతిని పొందెను. ఉపాధ్యాయుల రక్షణమును నిలిచెను. అల్పసంఖ్యాకుల హక్కును నిలిచెను.

ఎక్కువమంది చేతు లెత్తినచో చాలదా, హద్దులేల? అని కొంద రడుగుదురు. ఎక్కువమంది గలవారికి సభయే రక్షణము. తక్కువమంది గలవారికి రాజ్యాంగమే రక్షణము. ఒకచోట అధికసంఖ్యాకులైనవారు మరియొకచోట అల్పసంఖ్యాకు లగుదురు. తమిళనాడులోను ఒడిషాలోను తెలుగువారు భాషనుబట్టి అల్పసంఖ్యాకులే. 30వ అధికరణము వారికిని అండయే. రాజ్యాంగమునే సవరించు అధికారము పార్లమెంటునకు కలదు గాని, దాని మౌలిక స్వరూపమును చెరుపరాదని సుప్రీముకోర్టు 1973లో కేశవానంద భారతి వ్యాజ్యమునందు తీర్పు చెప్పియున్నది.

విద్యార్థులారా, క్రొత్త శాసనమునుగూర్చి వినినప్పుడు అది మనకు లాభమా నష్టమా యని మాత్రమే చూడక, క్రమముగా చేయబడినదా, చేసినవారికి ఆ విషయముపై అధికారము కలదా, ఎవరి హక్కునైనను హరించుచున్నదా యని విచారింపుడు. ఇట్లు విచారించు పౌరు లున్నప్పుడే ఆ హద్దులు నిలుచును.