నా మాట మీద వేసిన ఓటు

మా వీధిలో నా మాటకు ఒకప్పుడు కొంత విలువ వుండేది. ముప్పై ఆరేళ్ళు బడిపంతులుగా చేసినవాణ్ణి. రేషను కార్డుకు అర్జీ రాయాలన్నా, పిల్లవాణ్ణి ఏ కాలేజీలో చేర్చాలన్నా ‘మాస్టారిని ఓ మాట అడుగుదాం’ అనేవారు. ఎన్నికలు వస్తే మరీను. నేను ఏ పార్టీ మనిషినీ కాను. అందుకే అడిగేవారు కాబోలు. 2014లో మా నియోజకవర్గంలో నిలబడ్డ ఒకాయన గురించి అలాగే అడిగారు. ‘మంచివాడే, చదువుకున్నవాడు, వెయ్యొచ్చు’ అన్నాను. ఆ మూడు ముక్కలకూ నేను ఇప్పటికీ వడ్డీ కడుతున్నాను.

ఆయన గెలిచాడు. ఆయన పార్టీ మాత్రం ఓడి ప్రతిపక్షంలో కూచుంది. రెండేళ్ళు గడిచాయి. 2016లో ఒకనాటి పొద్దున్నే మా మేనత్త చేతిలో పేపరు పట్టుకుని వసారాలోకి వచ్చింది.

“ఒరేయ్ అబ్బాయ్, కళ్ళజోడు పెట్టుకుని ఇది చూడు. ఈయన ఆయనేనా?”

“ఆయనే అత్తయ్యా.”

“మరి మెళ్ళో ఆ కండువా ఏమిటీ?”

“పార్టీ మారాడు.”

“మారితే మారాడు. మరి నా ఓటో?”

నాకు జవాబు తోచలేదు. అత్తయ్య వూరుకునే మనిషి కాదు. “దాచిపెట్టరా అని నా గాజులు నీ చేతికిస్తే, నువ్వు పట్టుకెళ్ళి ఎదురింటివాడి బీరువాలో పెట్టి, అక్కడైతే ఇంకా భద్రంగా వుంటాయి అత్తయ్యా అంటే నేనొప్పుకుంటానా? నీ మాట మీద వేశాను. నువ్వే వెళ్ళి అడుగు” అంది.

వెళ్ళాను. అడక్కుండా వుంటే ఇంట్లో అన్నం సహించేట్టు లేదు. ఆయన ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, వందమంది జనం. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మర్యాదలో లోటు చెయ్యలేదు. కాఫీ ఇప్పించాడు, అది కూడా బాగుంది. “నియోజకవర్గం అభివృద్ధి కోసమే మాస్టారూ. ప్రతిపక్షంలో వుంటే ఒక్క పనీ కావడం లేదు” అన్నాడు. “మారడం మీ యిష్టం బాబూ. రాజీనామా చేసి, కొత్త పార్టీ తరఫున నిలబడి మళ్ళీ మమ్మల్ని అడగవచ్చు గదా?” అన్నాను. నవ్వాడు. “ఉప ఎన్నికంటే ఎంత ఖర్చు మాస్టారూ! ఆ భారం మళ్ళీ జనం మీదే గదా పడేది” అన్నాడు. జనం మీద అంత దయగల మనిషితో ఇంకేం వాదిస్తాం? నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి అదే అత్తయ్యకు చెప్పాను. ఏమీ అనలేదు. అప్పటినించీ వీధిలో ఎవరూ నన్ను ఎన్నికల సంగతి అడగడం మానేశారు. ఎదురుపడి నిలదీసినా బాగుండేది.

అత్తయ్య సంగతి కొంచెం చెప్పాలి. ఆవిడ పుట్టింది 1937లో. మన వేళ్ళకు పూసే ఎన్నికల సిరా తయారయ్యే మైసూరు రంగుల ఫ్యాక్టరీ పుట్టిందీ ఆ యేడే. ఆ సిరా సార్వత్రిక ఎన్నికల్లోకి వచ్చింది 1962లో. అత్తయ్య మొదటిసారి ఓటు వేసిందీ 1962లోనే. ఆ రోజుల్లో ఇరవై ఒక్కేళ్ళు నిండాలి గదా. ఆ సిరా మచ్చ పోకుండా చాలా రోజులు ఆ వేలికి సున్నిపిండి కూడా తగలనివ్వలేదట. మా మామయ్య ఒకరికి వెయ్యమంటే మరొకరికి వేసిందనీ, అది బయటపడి ఇంట్లో రెండు రోజులు మాటల్లేవనీ మా నాన్న నవ్వుతూ చెప్పేవాడు. ఆ తర్వాత ఏ ఎన్నికా వదల్లేదు.

ఎన్నికల డ్యూటీలు నాకూ చాలా పడ్డాయి. సాయంత్రానికే ఏ పల్లెటూరి బడికో చేరుకుని, బ్యాలెట్ పెట్టె పక్కన చాప పరుచుకుని పడుకోవడం, తెల్లవారకముందే లేచి సీళ్ళు వెయ్యడం. 1983 జనవరిలో వేళ్ళకు సిరా పూసే పని నాది. ఆ రోజు నేను పట్టుకున్న చేతులు ఇప్పటికీ జ్ఞాపకం: నాట్ల బురద గోళ్ళలో వుండిపోయిన చేతులు, ఉతికిన చీర కొంగుతో తుడుచుకుని ముందుకు చాపిన చేతులు. ఆ ఎన్నికలోనే పార్టీ పెట్టి ఏడాదైనా కాని ఎన్.టి. రామారావు గారు 294 స్థానాల్లో 200కు పైగా గెలిచారు.

మరుసటి యేడు ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఆయన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు గారిని ముఖ్యమంత్రిని చేశారు. మా వీధి వీధంతా రోడ్డెక్కింది. దుకాణాలు మూశారు, బస్సులు ఆగాయి. రాష్ట్రంలో కొన్ని చోట్ల కాల్పులు జరిగి ప్రాణాలు కూడా పోయాయి. ధర్నా చేసే కుర్రాళ్ళకు అత్తయ్య గుండిగెడు పులిహోర కలిపి పంపింది. అసలు తమాషా ఏమిటంటే 1983లో ఆవిడ ఓటు వేసింది కాంగ్రెసుకు! అప్పట్లో నాకు చెప్పేది లెండి. “నీకెందుకత్తయ్యా ఈ బాధ?” అంటే, “నేను వెయ్యకపోతేనేం, వూరు వేసింది. వూరు కూచోబెట్టినవాణ్ణి లేవగొట్టడానికి వీళ్ళెవరు?” అంది. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావు గారు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. తాము వేసిన ఓటును తామే నడిచి వెళ్ళి తెచ్చుకున్నట్టుగా జనం మిఠాయిలు పంచుకున్నారు.

కాని ఆ నెల రోజులూ శాసనసభ్యుల్ని కర్ణాటకలో దాచి కాపాడుకోవలసి వచ్చిందన్న సంగతి అప్పుడు మాకెవరికీ చిన్నతనంగా తోచలేదు. మనవైపు న్యాయం వున్నప్పుడు తాళం కూడా న్యాయంగానే కనిపిస్తుంది. పదకొండేళ్ళకు, 1995 ఆగస్టులో, అదే పార్టీ సభ్యులు హైదరాబాదు వైస్రాయ్ హోటల్లో చేరారు. ఈసారి రామారావు గారు దిగిపోయారు. కారణాలు ఎవరివి వారికి వున్నాయి, ఆ జోలికి నేను పోను. 1984లో రోడ్డెక్కిన మా వీధి మాత్రం 1995లో పేపరు చదివి, కాఫీ తాగి, ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయింది. జనానికి విసుగు పుట్టింది ఎప్పుడని నన్నడిగితే ఆ పొద్దుటి సంగతే చెబుతాను.

ఫిరాయింపు మన సొత్తేమీ కాదు. 1967లో హర్యానాలో గయాలాల్ అనే సభ్యుడు పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మార్చాడు. ‘ఆయారాం గయారాం’ అనే మాట దేశానికి ఆయన చలవే. ఈ రోగానికి మందుగా 1985లో రాజ్యాంగాన్ని సవరించి పదో షెడ్యూలు చేర్చారు. పార్టీ మారితే సభ్యత్వం పోతుంది. అయితే ఒక్కడు మారితే తప్పు, మూడో వంతు మంది కలిసి చీలితే తప్పు కాదు! చిల్లర దొంగతనానికే శిక్ష, టోకుకు లేదన్నట్టు. 2003లో ఆ మూడో వంతు వెసులుబాటు తీసేశారు. మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే విలీనం అనే తలుపు మాత్రం అలాగే వుంచారు. మారినవాడి మీద తీర్పు చెప్పవలసింది సభాపతి. సాధారణంగా ఆయన గెలిచింది అధికార పార్టీ టిక్కెట్టు మీద. ఇంతలోగా తేల్చాలన్న గడువు ఆ షెడ్యూలులో లేదు.

గడువు లేని పని ఎలా సాగుతుందో గుమాస్తా ఉద్యోగం చేసిన ఎవరికైనా తెలుసు.

2014 సభలో వై.యస్.ఆర్. కాంగ్రెసు నించి 23 మంది తెలుగుదేశం వైపు వెళ్ళారు. 2017 ఏప్రిల్లో వారిలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. వారి మీద ఫిర్యాదులు సభ కాలం ముగిసేదాకా తేలలేదు. 2019లో తెలుగుదేశానికి వచ్చిన స్థానాలు సరిగ్గా 23. దేవుడి లెక్క అన్నారు మావాళ్ళు. ఆ తర్వాత సభలో తెలుగుదేశం టిక్కెట్టు మీద గెలిచినవాళ్ళు నలుగురు అటు చేరారు, అట్నించి నలుగురు ఇటు చేరారు. ఎనిమిది మందినీ అనర్హులని సభాపతి ప్రకటించింది 2024 ఫిబ్రవరి చివర్లో. మార్చి 16న ఎన్నికల ప్రకటనే వచ్చేసింది! తెలంగాణలోనూ ఇదే కథ. 2018లో కాంగ్రెసు 19 చోట్ల గెలిస్తే, 2019 జూన్లో 12 మంది అధికార పార్టీలో విలీనమయ్యారు. 2023లో పీటలు తారుమారయ్యాయి. అప్పుడు ఓడిన పార్టీ తన సభ్యులు పదిమంది కాంగ్రెసు వైపు వెళ్ళారని మొరపెట్టుకుని సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. మూడు నెలల్లో తేల్చమని కోర్టు సభాపతిని ఆదేశించింది 2025 జులై 31న.

డబ్బు సంగతి ఇంకో విచిత్రం. 1993 జులైలో పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాస తీర్మానం 251–265 ఓట్లతో వీగిపోయింది. కొందరు సభ్యులు లంచం పుచ్చుకుని ఓటు వేశారని కేసు నడిచింది. పి.వి. గారికి 2000లో క్రింది కోర్టు వేసిన శిక్షను 2002లో హైకోర్టు కొట్టివేసింది. నన్ను తికమక పెట్టింది మాత్రం 1998 నాటి సుప్రీంకోర్టు తీర్పు: లంచం పుచ్చుకుని సభలో ఓటు వేసినవాడికి రాజ్యాంగ రక్షణ వుంది, పుచ్చుకుని వెయ్యనివాడికి లేదు! ‘పోనీలే, మాట నిలబెట్టుకున్నాడు’ అంది అత్తయ్య. ఆ తీర్పు తప్పని ఏడుగురు న్యాయమూర్తులు తేల్చేసరికి 2024 మార్చి 4 అయింది.

అంతమాత్రాన జనానికి పార్టీ మారడమంటేనే కోపం అనుకోకండి. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగితే లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా ఇచ్చారు, నెహ్రూ గారు ఒప్పుకోలేదు. అరియలూరు ప్రమాదం తర్వాత మళ్ళీ ఇచ్చి దిగిపోయారు. 1964లో కర్నూలు బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు నాలుగు మాటలు అన్నందుకు సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. అవి పాతకాలపు కబుర్లు అంటారా, మొన్నమొన్నటివే చూడండి. తెలంగాణ కోసం 2010లో 12 మంది శాసనసభ్యులు రాజీనామా చేసి మళ్ళీ జనం ముందు నిలబడ్డారు. అందులో తెలుగుదేశం వదిలి వచ్చినాయన కూడా వున్నారు. పన్నెండు మందినీ జనం గెలిపించి పంపారు. 2008లోనూ అలాగే రాజీనామాలు చేస్తే 16 అసెంబ్లీ స్థానాల్లో ఏడే దక్కాయి. 2012లో 18 చోట్ల ఉప ఎన్నికలు వచ్చాయి. చాలావరకు సొంత ప్రభుత్వానికి ఎదురు తిరిగి పదవులు పోగొట్టుకున్నవాళ్ళ స్థానాలే. పదిహేను చోట్ల కొత్త పార్టీనే నెగ్గించారు. అడిగితే ఇవ్వడమూ తెలుసు, కాదనడమూ తెలుసు. అత్తయ్య కోపమల్లా ఆయన అడగలేదనే. ఆ షామియానా క్రింద నేను ఆయనకు చెప్పలేకపోయింది ఇదీ.

2019లో అత్తయ్య ఓటుకు రాలేదు. కారు తెచ్చి వీధి గుమ్మంలో పెట్టినా అరుగు మీంచి లేవలేదు. యాభై ఏడేళ్ళలో అదే మొదటిసారి. “నేను వెయ్యడం, వాడు అమ్ముకోవడం. ఈ బేరంలో మధ్యవర్తిని నేనెందుకు?” అంది. ఆ రోజు పోలింగు బూతులో నేను ఎవరికి వేశానో నాకు సరిగ్గా జ్ఞాపకం లేదు. ఆవిడ మాటే చెవిలో మోగుతూ వుంది.

2024లో మాత్రం నాకు చెప్పకుండానే ఏదో తలపెట్టింది. ఎనభై అయిదేళ్ళు దాటినవాళ్ళు ఇంటి దగ్గరే ఓటు వేసే ఏర్పాటు అప్పుడు వుంది. ముందుగా అర్జీ పెట్టుకోవాలి. పక్కింటి కోడలిచేత ఆ ఫారం నింపించి, వేలిముద్ర ఎందుకని తనే సంతకం చేసి పంపేసింది. మే నెల ఎండలో ఒకరోజు పదకొండు గంటలకు నలుగురైదుగురు సంచులతో దిగారు. ఇద్దరు ఉద్యోగులు, ఒక పోలీసు, వీడియో తీసే కుర్రాడు. నేను తెల్లబోయి కుర్చీలు వేశాను.

“మనసు మార్చుకున్నావేం అత్తయ్యా?” అన్నాను మెల్లగా.

“పోయినసారి ఇంట్లో కూచుంటే ఎవడికి నొప్పి పుట్టింది? నాకే” అంది. తర్వాత, “నువ్వెళ్ళి వసారాలో కూచో” అంది.

“నేను వుంటే ఏమయింది?”

“పోయినమాటు నువ్వు పక్కనుండి చెప్పింది చాలు.”

ముప్పై ఆరేళ్ళు మాస్టారుగిరీ చేసినవాణ్ణి, తల వంచుకుని వసారాలోకి వచ్చి కూచున్నాను. పదినిమిషాలు పట్టింది. అసెంబ్లీకి ఒకటి, పార్లమెంటుకు ఒకటి, కవర్లు అంటించే చప్పుడు వినబడుతూనే వుంది. ఉద్యోగులు బయటికి వస్తుంటే అత్తయ్య గుమ్మందాకా వచ్చి, అందులో పెద్దాయన్ని నిలబెట్టింది.

“బాబూ, నేను వేసినాయన రేపు కండువా మారిస్తే నాకు కాగితం ముక్క ఏమైనా వస్తుందా?”

“రాదు మామ్మగారూ” అన్నాడాయన. చెమట తుడుచుకుంటూ నా వంక చూసి, “మంచినీళ్ళు ఇప్పిస్తారా మాస్టారూ, ఇంకా ఏడిళ్ళు తిరగాలి” అన్నాడు.