శనివారం పొద్దున తొమ్మిదింటి రైలు

ఇంగ్లండ్‌కి కొత్తగా వెళ్ళిన తెలుగువాళ్ళకి తొలి నెలలు ఒకే దారిలో గడుస్తాయి. గది, కాలేజీ లేదా ఆఫీసు, సూపర్‌మార్కెట్, మళ్ళీ గది. లెస్టర్‌లో పీజీ చదివే కుర్రాడైనా, బర్మింగ్‌హామ్ ఆసుపత్రిలో నర్సయినా, భర్త ఉద్యోగం వల్ల డిపెండెంట్ వీసా మీద రెడింగ్ వచ్చిన అమ్మాయైనా అంతే. శని, ఆదివారాలు వచ్చాయంటే బట్టలు ఉతకడం, వారానికి సరిపడా కూరలు వండి ఫ్రిజ్‌లో సర్దుకోవడం, ఇంటికి వీడియో కాల్. ఎక్కడికైనా వెళ్ళొచ్చు కదా అంటే అందరూ చెప్పేది ఒకటే మాట, కారు లేదని. మన లైసెన్సుతో పన్నెండు నెలలు అక్కడ బండి నడపొచ్చు గానీ, కొత్తవాళ్ళకి కారు ఇన్సూరెన్స్ ధర వింటేనే గుండె గుభేలుమంటుంది.

ఆ దేశంలో ఒక రోజు షికారుకి కారు అక్కర్లేదు. పొద్దున్నే రైలెక్కి, ఊరో కొండో సముద్రమో చూసుకుని, రాత్రి భోజనం వేళకి ఇంటికి చేరడం అక్కడి సామాన్యులకి దాదాపు రెండు వందల ఏళ్ళ అలవాటు. 1841 జులై 5న థామస్ కుక్ అనే ఆయన లెస్టర్ నుంచి లఫ్‌బరోకి ప్రత్యేక రైలు మాట్లాడి దాదాపు 500 మందిని మద్యపాన వ్యతిరేక సభకి తీసుకెళ్ళాడు. రానూపోనూ మనిషికి ఒక షిల్లింగ్. తరవాత ప్రపంచమంతా తెలిసిన టూరిజం వ్యాపారం అక్కడ మొదలైంది. అదే ఏడు లండన్ నుంచి బ్రైటన్‌కి రైలు మార్గం పూర్తయింది. 1871లో బ్యాంక్ హాలిడేల చట్టం వచ్చాక, గుమాస్తాలూ కార్మికులూ ఆ సెలవుల్లో కుటుంబాలతో సముద్రతీరాలకి బారులు తీరారు. ఈనాడు లెస్టర్ స్టేషన్‌లో రైలెక్కే తెలుగు విద్యార్థి ఆ వరసలో చేరుతున్నవాడే.

అయితే ముందు టికెట్ల సంగతి తెలియాలి. ఒకే ఊరికి ఒకే రోజు మూడు నాలుగు ధరలు కనిపించేసరికి కొత్తవాళ్ళు కంగారు పడతారు. ‘ఎనీటైమ్’ ఏ రైలుకైనా చెల్లుతుంది, అన్నిటికన్నా ఖరీదు. ‘ఆఫ్‌పీక్’ రద్దీ లేని వేళలకి. శని, ఆదివారాల్లో దాదాపు రోజంతా ఆఫ్‌పీకే కాబట్టి షికారుకి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా కొనాల్సింది ఇదే. ‘అడ్వాన్స్’ ముందుగా కొనుక్కునేది, దూరప్రయాణాలకి చవక, కానీ టికెట్ మీద ఉన్న రైలుకి తప్ప మరో రైలుకి చెల్లదు. నిద్ర లేవడం ఆలస్యమై ఆ రైలు తప్పిపోతే డబ్బు పోయినట్టే. గంట, గంటన్నర దూరానికి ఆఫ్‌పీక్ డే రిటర్న్ మేలు. చాలా మార్గాల్లో ఒక వైపు టికెట్టుకీ రానుపోను టికెట్టుకీ తేడా చాలా కొద్ది. తిరుగు ప్రయాణం ఐదింటికా ఏడింటికా అన్నది మన ఇష్టం. కొండ మీద ఎండ కాస్తూంటే ఇంకో గంట ఉండిపోవచ్చు. ఈ వెసులుబాటు కోసం రెండు మూడు పౌన్లు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

అసలు ఆదా రైల్‌కార్డ్‌తో వస్తుంది. ఏడాదికి 35 పౌన్లు కడితే టికెట్ మీద మూడో వంతు తగ్గుతుంది. అంటే ఏడాది మొత్తంలో 105 పౌన్ల టికెట్లు కొంటే కార్డు ఖర్చు తిరిగొచ్చేసినట్టే. 16 నుంచి 25 ఏళ్ళవాళ్ళకి ఒకటి, 26 నుంచి 30 ఏళ్ళవాళ్ళకి ఒకటి ఉన్నాయి. ముప్ఫై దాటి పూర్తికాలం చదువుకుంటున్నవాళ్ళు కూడా మొదటి కార్డుకి అర్హులే, ఈ సంగతి చాలామందికి తెలియదు. కలిసి తిరిగే భార్యాభర్తలకో ఇద్దరు స్నేహితులకో ‘టూ టుగెదర్’ ఉంది. ఇద్దరికీ కలిపి ఒకే కార్డు, ఇద్దరూ కలిసి వెళితేనే చెల్లుతుంది. ఇక ఒకే ఇంట్లో ఉండే నలుగురు కుర్రాళ్ళు కలిసి బయల్దేరితే కార్డు కూడా అక్కర్లేదు. ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా కలిసి వెళ్తే చాలా రైలు కంపెనీలు ‘గ్రూప్‌సేవ్’ పేరుతో అదే మూడో వంతు రాయితీ ఇస్తాయి. రైలు కంపెనీల సొంత వెబ్‌సైట్లలో కొంటే బుకింగ్ రుసుము కూడా ఉండదు.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. రైలెక్కాక టీటీని అడిగి టికెట్ రాయించుకుందామనే మన అలవాటు అక్కడ పనికిరాదు. టికెట్ కొనే వీలున్న స్టేషన్‌లో కొనకుండా ఎక్కితే 100 పౌన్ల జరిమానా, ఆపైన టికెట్ ధర. 21 రోజుల లోపు కడితే జరిమానా సగానికి తగ్గుతుంది, సగమైనా విద్యార్థికి పది రోజుల సరుకుల డబ్బు. రైల్‌కార్డ్ రాయితీతో కొన్నవాళ్ళు కార్డు చూపించలేకపోయినా చిక్కే. టికెట్టూ కార్డూ రెండూ ఫోన్‌లోనే ఉంటాయి కాబట్టి పవర్‌బ్యాంక్ లేకుండా గడప దాటకూడదు.

ఇన్ని రైళ్ళున్నా అన్ని ఊళ్ళకీ రైలు లేదు. 1963లో రైల్వేల మీద వచ్చిన డాక్టర్ బీచింగ్ నివేదిక నష్టాల పేరు చెప్పి రెండు వేల మూడు వందలకి పైగా స్టేషన్లు మూసెయ్యమంది. వాటిలో చాలామటుకు నిజంగానే మూతపడ్డాయి. అందుకే చాలా అందమైన పల్లెలకి రైలు దిగి బస్సెక్కి వెళ్ళాలి. లండన్ బయట, ప్రభుత్వ ఛార్జీల పథకంలో చేరిన బస్సుల్లో ఒక వైపు టికెట్ 2023 జనవరి నుంచి 2 పౌన్లు మించకుండా ప్రభుత్వం పరిమితి పెట్టింది. 2025 జనవరిలో దాన్ని 3 పౌన్లు చేశారు. పది నిమిషాల దూరమైనా గంటన్నర దూరమైనా అంతకు మించదు. చెయ్యి చాపితేనే బస్సు ఆగుతుంది, దిగేటప్పుడు డ్రైవర్‌కి థాంక్యూ చెప్పడం అక్కడి మర్యాద.

ఎక్కడికి వెళ్ళాలి అన్నదానికి ఒక్క ఊరే చెప్పమంటే ఈడేల్ చెప్పాలి. మాంచెస్టర్‌కీ షెఫీల్డ్‌కీ మధ్య కొండల్లో సాగే లైన్ మీద చిన్న స్టేషన్ అది. ఇటు నుంచైనా అటు నుంచైనా గంట లోపే. ప్లాట్‌ఫారం దిగి నాలుగడుగులు వేస్తే ఊరు, ఊరు దాటితే గొర్రెల మేత పొలాలు, ఆ పైన 636 మీటర్ల కిండర్ స్కౌట్. పీక్ డిస్ట్రిక్ట్ మొత్తానికి అదే ఎత్తైన చోటు. అంత ఎక్కలేనివాళ్ళకి ఎదురుగా 517 మీటర్ల మామ్ టోర్ ఉంది. ఎక్కి, గట్టు వెంబడి నడిచి అవతల కాసిల్‌టన్ ఊళ్ళోకి దిగొచ్చు.

ఆ కొండ మీద ఎవరైనా నడవొచ్చన్నది ఊరికే వచ్చిన హక్కు కాదు. ఒకప్పుడు అదంతా భూస్వాముల వేట భూమి, కాపలాదార్లు కర్రలు పట్టుకుని తిరిగేవారు. వారమంతా మాంచెస్టర్ మిల్లుల్లో, వర్క్‌షాపుల్లో పొగ పీల్చి, ఆదివారం ఒక్క రోజు గాలి కోసం వచ్చే కుర్రకారుకి అక్కడ అడుగు పెట్టే వీల్లేదు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రాత్‌మన్ అనే ఇరవై ఏళ్ళ కార్మికుడు ముందు నిలవగా కొన్ని వందల మంది హేఫీల్డ్ వైపు నుంచి కిండర్ ఎక్కేశారు. ఐదుగురికి జైలు శిక్ష పడింది. ఆ శిక్షల మీద దేశమంతా చర్చ జరిగింది. 1949లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది, 1951లో పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ ఉద్యానమైంది. ప్రవేశ రుసుము లేదు, గేటు దగ్గర చీటీ లేదు. పొలాల మధ్య పసుపు బాణం గుర్తు కనిపిస్తే అది జనం నడిచే దారి, పొలం ఎవరిదైనా సరే. దారిలో గేటు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్ళడం మన బాధ్యత. ఇంగ్లండ్‌లో అడుగు పెట్టిన ప్రతి కొత్తమనిషీ చూడాల్సిన చోటు ఏదంటే, రాజభవనాల కన్నా ముందు ఈ కొండే.

లేక్ డిస్ట్రిక్ట్‌ది ఇంకో కథ. కెండల్ నుంచి విండర్‌మియర్‌కి రైలు వేస్తారనగానే 1844లో మహాకవి వర్డ్స్‌వర్త్ తీవ్రంగా వ్యతిరేకించాడు. జనం గుంపులు గుంపులుగా వచ్చి ఆ సరస్సుల ప్రశాంతత చెడగొడతారని ఆయన భయం. 1847లో రైలు వచ్చేసింది. ప్రకృతిని అంతగా ప్రేమించిన కవి సామాన్యుల రాకని శంకించడం బాధ కలిగిస్తుంది. ఇవాళ అదే రైల్లో విండర్‌మియర్‌లో దిగి, 555 నంబర్ బస్సెక్కి, గ్రాస్‌మియర్‌లో ఆయన ఇల్లు చూడ్డానికి వెళ్తున్నవాళ్ళంతా ఆయన వద్దన్న జనమే.

లండన్‌లో ఉండేవాళ్ళకి అందరూ చెప్పేది బ్రైటన్. గంట ప్రయాణం, గులకరాళ్ళ సముద్రతీరం, చేపలూ చిప్స్. కానీ మనవాళ్ళు అక్కడ చూడాల్సింది రెండు చోట్లు. మొదటిది మొగలుల భవనంలా గుమ్మటాలతో కట్టిన రాయల్ పెవిలియన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడిన భారతీయ సైనికులకి 1914 నుంచి అది ఆసుపత్రి అయింది. రెండోది ఊరి బయట గడ్డి కొండల మీది ఛత్రి. చికిత్స పొందుతూ చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని దహనం చేసిన చోట తెల్లటి పాలరాతి మండపం కట్టి 1921లో ఆవిష్కరించారు. అక్కడికి వాహనాలు పోవు. ప్యాచమ్ దాకా సిటీ బస్సు, ఆ తరవాత పొలాల మీదుగా నడక. బీచికి వెళ్ళే వేలమందిలో ఇక్కడికి వచ్చేవాళ్ళు బహు తక్కువ. మనవాళ్ళు తప్పకుండా వెళ్ళాలి.

లండన్ బయట ఉండేవాళ్ళకి ఇదే పని తిరగేసి. లెస్టర్ నుంచో కొవెంట్రీ నుంచో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం లోపు బ్రిటిష్ మ్యూజియంలో ఉండొచ్చు. ప్రవేశం ఉచితం. 33ఎ గదిలో అమరావతి స్తూపపు శిల్పాలున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన పలకలు 1859లో ఓడ మీద లండన్ వచ్చాయి, 1880 నుంచి ఈ మ్యూజియంలో ఉన్నాయి. గుంటూరు నుంచో విజయవాడ నుంచో వచ్చిన పిల్లలు తమ ఊరికి దగ్గరలోని కృష్ణ ఒడ్డు రాతిపని ఇక్కడ, అద్దాల వెనక చూస్తారు. గర్వమూ ఉంటుంది, ఇది మన దగ్గర ఉండాల్సింది కదా అన్న బాధా ఉంటుంది. రెండూ న్యాయమైనవే. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936 నుంచి ఆచార్యుడిగా ఉన్న ఆక్స్‌ఫర్డ్, కట్టమంచి రామలింగారెడ్డి చదివిన కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కాలేజీ కూడా లండన్ నుంచి గంట, గంటంబావు దూరమే.

శనివారమా, ఆదివారమా అంటే శనివారమే. ఆదివారాలు రైళ్ళు ఆలస్యంగా మొదలవుతాయి, పల్లె బస్సులు కొన్నిచోట్ల అసలే ఉండవు, పట్టాల మరమ్మతులు ఎక్కువగా ఆ రోజే పెట్టుకుంటారు. అప్పుడు రైలు బదులు బస్సు వేస్తారు, గంట ప్రయాణం రెండు గంటలవుతుంది. శుక్రవారం రాత్రి ఒకసారి నేషనల్ రైల్ సైట్ చూసుకోవాలి. రైలు ఆలస్యమైతే ‘డిలే రిపే’ కింద డబ్బు వెనక్కి అడగొచ్చు. చాలా కంపెనీలు పావుగంట ఆలస్యం నుంచే ఎంతో కొంత ఇస్తాయి. అడిగితేనే ఇస్తారు, మొహమాట పడకూడదు.

పగటి వెలుతురు లెక్క కూడా మనది కాదు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక పొద్దుగూకుతుంది, డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి. చలికాలంలో కొండలు వదిలేసి యార్క్‌లాంటి ఊళ్ళు చూడ్డం మంచిది. అక్కడి నేషనల్ రైల్వే మ్యూజియంలో, 1938లో గంటకి 126 మైళ్ళు పరిగెత్తి ఆవిరి ఇంజన్ల రికార్డు నెలకొల్పిన ‘మలార్డ్’ ఉంది, చూడ్డానికి డబ్బు కట్టక్కర్లేదు. ఏ కాలమైనా వానకోటు సంచిలో ఉండాల్సిందే. స్టేషన్‌లో శాండ్‌విచ్ ధర చూశాక అర్థమవుతుంది, పొద్దున్నే కలిపి డబ్బాలో పెట్టుకున్న పులిహోర విలువ. రైల్లో తింటే ఎవరూ ఏమీ అనరు.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఈ తిరుగుడు నేర్చుకుని ఉండడం చాలా అక్కరకొస్తుంది. అరవై నిండినవాళ్ళెవరైనా, చూడ్డానికి వచ్చినవాళ్ళయినా సరే, పాస్‌పోర్ట్ చూపించి సీనియర్ రైల్‌కార్డ్ తీసుకోవచ్చు. పెద్దవాళ్ళు మొదట అడిగేది గుడే కాబట్టి బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లోని వేంకటేశ్వరస్వామి ఆలయంతో మొదలుపెట్టొచ్చు. ఓల్డ్‌బరీ మీదుగా డడ్లీ వెళ్ళే బస్సులు ఆ దారినే పోతాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి రైలెక్కించి దించడానికి స్టేషన్ సిబ్బంది సాయం ఉంటుంది, దానికి డబ్బు తీసుకోరు. ‘ప్యాసింజర్ అసిస్ట్’ అనే ఆ సేవని ప్రయాణానికి రెండు గంటల ముందు యాప్‌లో గానీ ఫోన్‌లో గానీ అడిగి పెట్టుకోవాలి.