సెప్టిక్ ట్యాంకుకు ముందు మట్టిని అడగండి

ఇల్లు కట్టేవాళ్లు బోరు ఎక్కడ వేయాలో నలుగురిని అడుగుతారు. సెప్టిక్ ట్యాంకు దగ్గరికొచ్చేసరికి వాస్తు చూసుకుని, మిగతాది మేస్త్రికి వదిలేస్తారు. నిజానికి ట్యాంకు చేసేది సగం పనే. మడ్డి అడుక్కి చేరుతుంది, తెట్టు పైకి తేలుతుంది, మధ్యనున్న నీళ్లు సోక్ పిట్‌లోకి పోతాయి. ఆ నీళ్ల నిండా రోగక్రిములే. గాలాడే పొడిమట్టిలోంచి నెమ్మదిగా దిగితేనే అవి చిక్కుకుని చస్తాయి.

మన దేశ ప్రమాణం ఐఎస్ 2470 ఇందుకో పరీక్ష చెబుతుంది. పిట్ ఎంత లోతు రావాలో అంత లోతుకి జానెడు వెడల్పున గొయ్యి తీయాలి. పార తగిలి నున్నబడ్డ గోడల్ని గీకి గరుకు చేయాలి. అడుగున రెండంగుళాల కంకర పోసి, నీళ్లు నింపి, రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు కంకర మీద 15 సెం.మీ. నీళ్లుంచి, స్కేలుతో మట్టం చూస్తూ ఉండాలి. 25 మి.మీ. దిగడానికి అరగంటలోపు పడితే సోక్ పిట్ సరిపోతుంది. గంట దాకా పడితే చిల్లుల పైపులు పరిచిన కందకాలు కావాలి. గంట దాటితే ఆ నేలను నమ్ముకోకూడదు.

ఆ నానబెట్టడమే అసలు కీలకం. ఏప్రిల్‌లో గుంటూరు వైపు నల్లరేగడిలో చెయ్యి దూరేంత నెర్రెలుంటాయి. బిందెడు నీళ్లు పోస్తే ఇట్టే మాయమవుతాయి. అదే మట్టి తడిస్తే ఉబ్బి నెర్రెలన్నీ పూడుకుపోతాయి. ఎండాకాలం చూసి కట్టిన పిట్ శ్రావణమాసంలో పెరట్లోకి పొంగుతుంది.

కోనసీమలో కష్టం వేరు. అక్కడ నీళ్లే పైపైన ఉంటాయి. ఎండాకాలంలో తవ్వినా గోడ రంగు చూడండి: బూడిదరంగు మట్టిలో తుప్పు మచ్చలు కనిపిస్తే, వానాకాలంలో నీళ్లు అంతవరకూ వస్తాయన్నమాట. “నీళ్లు పడేదాకా తవ్వండి, బాగా లాగుతుంది” అనే సలహా వింటే నాకు భయం వేస్తుంది. అది మురుగును తాగే నీళ్లలో కలపడమే. నీటిమట్టం 180 సెం.మీ. లోపే ఉంటే కందకాలను నేల మీద మట్టిదిబ్బ పోసి అందులో పెట్టాలి.

తెలంగాణలో చాలాచోట్ల కాస్త మొరం కిందే రాయి. రాతి పగుళ్లలో వడపోత ఉండదు. మురుగు ఏ బోరులో తేలుతుందో ఎవరూ చెప్పలేరు. నైట్రేటునైతే మంచి మట్టి కూడా పెద్దగా ఆపలేదు. తాగే నీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు.

బావికీ పిట్‌కీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలి. 200 గజాల ప్లాటు మొత్తం పొడవే అంత. మన బోరుకు దూరం జరిపితే పిట్ పక్కింటివాళ్ల బోరు దగ్గరికి చేరుతుంది. అందుకే ప్లాటు కొనేముందే లేఅవుట్‌లో డ్రైనేజీ లైను ఉందో లేదో అడగాలి. లేకపోతే గోడకు అవతలి బోర్ల దాకా కూడా టేపు పట్టి కొలవాలి.