పెరటి కోళ్లకు గద్దలు, డేగల నుంచి రక్షణ

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- పెరటి కోళ్లపై పైనుంచి దాడి చేసే పక్షులను, అవి వేటాడే తీరును గుర్తించగలుగుతారు.
- ఏ వయసు కోళ్లకు ఎలాంటి రక్షణ అవసరమో నిర్ణయించుకోగలుగుతారు.
- తక్కువ ఖర్చుతో వల కప్పిన ఆవరణను, దాగుచోట్లను ఏర్పాటు చేసుకోగలుగుతారు.

1. పరిచయం

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లల కోడిని వాకిట్లోకి వదిలితే ఇంట్లో ఒకరు బయట కూర్చుని కనిపెట్టుకుని ఉండడం మీరు చూసే ఉంటారు. ఆ మనిషి లోపలికి వెళ్లాల్సి వస్తే తల్లిని, పిల్లలను కలిపి గంప కింద మూసి వెళ్తారు. గద్ద నీడ కనబడితే తల్లి కోడి అరిచి పిల్లలను రెక్కల కిందికి చేర్చుకుంటుంది. నాటు కోళ్ల పెంపకంలో కాపలా పనిలో సగం తల్లి కోడిదే.

ఇప్పుడు చాలామంది మేలు జాతి పిల్లలను తెచ్చి పెంచుతున్నారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను పెరటి పెంపకం కోసమే రూపొందించింది. ఈ పిల్లలు యంత్రంలో పొదిగినవి. మన ఇంటికి తల్లి లేకుండానే వస్తాయి. అందువల్ల తల్లి కోడి చేసే పని మనమే చేయాలి. ఈ భాగంలోని సూచనలన్నిటికీ ఇదే ఆధారం.

నష్టం ఎంతో ఒక ఉదాహరణతో చూద్దాం. మీరు 20 వనరాజ పిల్లలను తెచ్చారనుకోండి. వాటిలో 6 పిల్లలను గద్దలు ఎత్తుకుపోయాయి. ఆ ఆరింటిలో సగం పెట్టలు అనుకుందాం. వనరాజ పెట్ట ఏడాదికి సుమారు 100 గుడ్లు పెడుతుంది. అంటే మీరు కోల్పోయింది 6 పిల్లలే కాదు, ఏడాదికి దాదాపు 300 గుడ్లు, 3 పుంజుల మాంసం. చిన్న పెంపకంలో లాభనష్టాలను తేల్చేది ఇదే.

2. దాడి చేసే పక్షులు

నల్ల గద్ద: ముదురు గోధుమ రంగు, చివర చీలినట్లుండే తోక దీని గుర్తులు. రెక్కలు చాపితే నాలుగున్నర అడుగులకు పైగా ఉన్నా బరువు సాధారణంగా కిలో లోపే. ఆకాశంలో గుండ్రంగా తిరుగుతూ వెతికి, ఒక్కసారిగా కిందికి వచ్చి పిల్లను తన్నుకుపోతుంది. చెత్తకుప్పలు, మాంసం దుకాణాల వ్యర్థాలు, చచ్చిన ఎలుకలు దీనికి ముఖ్యమైన ఆహారం. అవి దొరికే చోట ఎక్కువగా చేరుతుంది.

జాలె డేగ: పావురం అంత ఉంటుంది. ఆకాశంలో తిరుగుతూ కనబడకుండా వేప, చింత చెట్ల ఆకుల చాటున కూర్చుంటుంది. అక్కడి నుంచి నేలకు దగ్గరగా వేగంగా దూసుకువచ్చి చిన్న పిల్లలను పట్టుకుంటుంది. తొండలు, ఎలుకలు, చిన్న పక్షులు దీని మామూలు ఆహారం. మార్చి నుంచి జూన్ వరకు గూట్లో పిల్లలను సాకే రోజుల్లో దీనికి ఆహారం ఎక్కువగా కావాలి.

కాకి: రోజుల పిల్లలను, గుడ్లను ఎత్తుకుపోతుంది. దాణా కోసం వచ్చి, పిల్లలకు అలవాటు పడుతుంది.

గుడ్లగూబ: రాత్రిపూట వేటాడుతుంది. చెట్లమీద, గోడలమీద పడుకునే కోళ్లకు దీనితో ప్రమాదం.

పగలు పిల్ల ఆనవాలు లేకుండా మాయమైతే పై పక్షులనే అనుమానించకండి. పిల్లి, ముంగిస కూడా అలాగే తీసుకుపోతాయి. రెండు మూడు రోజులు గమనించి, శత్రువు ఏదో తేల్చుకున్న తరువాతే ఖర్చు పెట్టండి.

3. కోడి తనను తాను కాపాడుకునే తీరు

కోళ్లకు రెండు రకాల హెచ్చరిక అరుపులు ఉన్నాయి. కుక్క, పిల్లి వంటివి నేలమీద వస్తే గట్టిగా, తెంపు లేకుండా కొక్కరిస్తాయి. ఆకాశంలో గద్ద కనబడితే సన్నగా, పొడుగ్గా ఒక అరుపు అరుస్తాయి. ఈ అరుపు ఎక్కువగా పుంజు నుంచే వస్తుంది. అది వినగానే మిగిలినవి దగ్గరున్న చాటుకు పరుగెత్తుతాయి, లేదా కదలకుండా నేలకు నక్కుతాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పరుగెత్తడానికి చాటు ఉంటేనే హెచ్చరికకు ప్రయోజనం. చదును చేసి, చెట్టూ పొదా లేకుండా ఊడ్చిన పెరడు మనకు శుభ్రంగా కనబడుతుంది కాని, కోడికి దాగే చోటు లేని మైదానం అవుతుంది. అందువల్ల మందలో ఒక పెద్ద పుంజును ఉంచడం, దాగుచోట్లు కల్పించడం రెండూ కలిసి ఉండాలి.

4. వయసును బట్టి రక్షణ

మొదటి 6 వారాలు: పిల్లలను బయట వదలకండి. ఇంటి లోపల గాని, పైకప్పు ఉన్న గదిలో గాని పెంచండి. రోజుల పిల్ల 40 గ్రాములు కూడా ఉండదు. ఏ పక్షి అయినా సులువుగా ఎత్తుకుపోతుంది.

6 నుంచి 12 వారాలు: వల కప్పిన ఆవరణలో వదలండి. మీరు దగ్గరున్నప్పుడు మాత్రమే పెరట్లోకి విడిచిపెట్టి, క్రమంగా సమయం పెంచండి.

12 వారాల తరువాత: పగలు స్వేచ్ఛగా తిరగనివ్వవచ్చు. కిలో దాటిన కోడిని గద్ద ఎత్తుకుపోలేదు. పొడవైన కాళ్ల వల్ల వనరాజ పరుగెత్తి తప్పించుకోగలదు కూడా. పొద్దుగూకగానే గూట్లో చేర్చి తలుపు వేయండి.

5. ఆవరణ, దాగుచోట్లు

20 కోళ్లకు 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఆవరణ సరిపోతుంది. చుట్టూ గుంజలు పాతి, పైన ఆరడుగుల ఎత్తులో వల కప్పండి. అప్పుడు మీరు లోపల నిలబడి పని చేసుకోవచ్చు. వల కన్ను ఒక అంగుళం ఉంటే డేగ, కాకి కూడా దూరలేవు. చెరువుల్లో చేపలు పట్టేవారి దగ్గర దొరికే పాత వల చవక. చిరుగులు కుట్టి, బిగుతుగా లాగి కట్టండి. వదులుగా వేలాడితే పక్షులు, కోళ్లు చిక్కుకుంటాయి.

వల కొనలేకపోతే గుంజల మధ్య రెండడుగులకు ఒకటి చొప్పున నైలాన్ దారాలు కట్టి, వాటికి రంగు గుడ్డ పేలికలు వేలాడదీయండి. రెక్కలు చాపి దిగే గద్దను ఇవి అడ్డుకుంటాయి. డేగను మాత్రం ఆపలేవు, దాని రెక్కలు చాపినా రెండడుగులే. కాబట్టి చిన్న పిల్లలకు ఈ పద్ధతిని నమ్ముకోవద్దు.

బీర, సొర, చిక్కుడు పందిళ్లు మంచి చాటు. పిల్లలు ఇంటికి వచ్చిన రోజే విత్తనం పెడితే, అవి లోపల పెరిగే 6 వారాల్లో తీగ పందిరి ఎక్కుతుంది. మీకు కూరగాయలు, కోళ్లకు నీడ, చాటు దొరుకుతాయి. మిగిలిన పెరట్లో 10, 15 అడుగులకు ఒకచోట ఇటుకలు పేర్చి, పత్తి కట్టె తడకను అడుగున్నర ఎత్తులో పరచండి. రెండు వైపులా తెరచి ఉంచండి. దాణా, నీళ్లు ఎప్పుడూ కప్పు కిందే పెట్టండి. దీనివల్ల కాకులు దగ్గరకు రావు, అడవి పక్షుల రెట్టల ద్వారా రోగాలు సోకే అవకాశం కూడా తగ్గుతుంది.

6. చేయకూడని పనులు

గద్దలకు విషం పెట్టడం, ఉచ్చు వేయడం, గూళ్లు కూల్చడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. దానివల్ల ప్రయోజనమూ లేదు. ఒక గద్ద పోతే ఆ చోటుకు ఇంకొకటి వస్తుంది. ఆ విషం మీ కుక్కకో, పక్కింటి మేకకో తగలవచ్చు. పైగా చేలో ఎలుకలను తగ్గించేది ఈ పక్షులే.

చచ్చిన కోళ్లను, కోసిన కోళ్ల వ్యర్థాలను బయట పారేయకండి. లోతుగా గుంత తీసి పూడ్చండి. దిష్టిబొమ్మను, మెరిసే రేకులను ఒకేచోట ఉంచితే పక్షులు కొద్ది రోజుల్లో అలవాటు పడతాయి. రెండు మూడు రోజులకొకసారి చోటు మార్చండి.

7. సారాంశం

మేలు జాతి పిల్లలకు తల్లి కోడి ఉండదు. మొదటి 6 వారాలు కప్పు, తరువాత 6 వారాలు వల, ఆ తరువాత చాటు ఇవ్వడం పెంపకందారు పని. పక్షిని చంపడం కంటే దానికి పిల్ల కనబడకుండా, అందకుండా చేయడమే నిలిచే రక్షణ. పెంపకంలో మరిన్ని సలహాలకు మామునూరులోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. గద్ద, డేగ వేటాడే తీరులో తేడా ఏమిటి?
2. నైలాన్ దారాలు గద్దను ఆపినా డేగను ఎందుకు ఆపలేవు?
3. మీ పెరటి పటం గీయండి. కోడి ఏ చోట నిలబడినా చాటు ఎన్ని అడుగుల దూరంలో ఉందో అందులో గుర్తించండి.