గొలుసుకట్టు లెక్క

నల్లగొండ, పాలమూరు మెట్టనేలల్లో పై చెరువు నిండి అలుగు పారితేనే కింది చెరువుకు నీళ్లు. ఈ గొలుసుకట్టును కంప్యూటర్ లెక్కగట్టాలంటే ముందు నేల ఎత్తుపల్లాలు తెలియాలి.

ఆ సమాచారం ఉపగ్రహాల నుంచి దిగే చోటు కూడా పాలమూరు గడ్డే. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్ దగ్గరి భూకేంద్రం 1979లో అమెరికా ల్యాండ్‌శాట్ చిత్రాలతో పని మొదలుపెట్టింది. 1988లో మన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ వచ్చింది. 2005 మే 5న ఎగిరిన కార్టోశాట్-1 ఒకే నేలను రెండు కెమెరాలతో రెండు కోణాల్లో చూసి ఎత్తులను పట్టించింది. ఆ ఎత్తుల పటాన్ని ఇస్రో 2009లో తెరిచిన భువన్ పోర్టల్ నుంచి ఎవరైనా దించుకోవచ్చు.

ఉమ్మడి జిల్లాలు రెండూ కలిపి 32 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. 30 మీటర్ల గడులుగా కోస్తే మూడున్నర కోట్లు. కార్టోశాట్ చూపు సన్నదనమైన 2.5 మీటర్లకు కోస్తే 500 కోట్లు దాటుతాయి. అందుకే పటాన్ని ముక్కలు చేసి ఎన్నో ప్రాసెసర్లకు పంచుతారు.

పంటల పచ్చదనం లెక్కకు ఈ పంపకం చాలు. ఏ గడి లెక్క దానిదే. నీటి లెక్క అలా తెగదు. ప్రతి గడీ చుట్టూ ఉన్న ఎనిమిదింటిలో అన్నిటికంటే ఎక్కువ వాలున్న పల్లపు గడికి నీరు వదులుతుంది. ఆ పల్లం పక్క ప్రాసెసర్ ముక్కలో ఉండొచ్చు. అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో తయారైన టాడెమ్ సాఫ్ట్‌వేర్ పటాన్ని పట్టీలుగా కోసి, సరిహద్దు వరసల ఫలితాలను ప్రాసెసర్ల మధ్య మార్పిడి చేస్తుంది. పై పట్టీలో లెక్క తేలేదాకా కింది పట్టీలోని వాగు ఆగాల్సిందే.

మన నేలలో మరో చిక్కుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ నేలలోని గుంటలను కొలతల తప్పులుగా భావించి పూడ్చేస్తుంది. ఇక్కడ ఆ గుంట ఎండిన చెరువు కావచ్చు. కొద్ది మీటర్ల అలుగు 30 మీటర్ల గడిలో కనిపించదు. యంత్రం కట్ట మీద ఇంకెక్కడో పల్లం వెతికి నీటిని అటు మళ్లిస్తుంది. వాగు దారే తప్పుతుంది.

కాబట్టి ప్రాసెసర్లు పెంచడంతోపాటు ప్రతి చెరువు కట్ట, తూము, అలుగు ఉన్న చోటును చెరువు నీళ్లు పారించే నీరటికాళ్లను అడిగి, జీపీఎస్‌తో పటంలోకి ఎక్కించాలి. అప్పుడే కుండపోత వానకు ఏ కట్ట తెగితే దిగువన ఏ ఊరికి ముప్పో వేగంగా, నమ్మకంగా చెప్పగలం. ఆ ఊరి వాళ్లు మేలుకొని తరలిపోయే వ్యవధి మిగిలితేనే ఇంత వేగానికి ఫలితం.